మొదటి పలక

భీమప్ప పాదాలు వాచిపోయి ఉన్నాయి.

లాకప్పు ఊచల సందుల్లోంచి రామాంజినేయులు ముందుగా చూసింది వాటినే. మనిషి ముఖం అబద్ధమాడుతుంది, చేతులు అబద్ధమాడుతాయి. పాదాలకు అంత తెలివి లేదు. భీమప్ప గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. రెండు అరికాళ్ళూ ఉబ్బి, అక్కడక్కడ చీము పట్టి ఉన్నాయి.

"ఎవరు కొట్టినారు?"

భీమప్ప కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

"సుబ్బరామి మాష్టరును కాలవలో పడేసింది నువ్వేనా?"

భీమప్ప చూపు నేల మీదే ఉంది.

"నీ పెండ్లాం నా కాడికొచ్చింది. రెండు బస్సులు మారి బళ్ళారి సత్యనారాయణపేటలో నా ఇల్లు ఎతుక్కుంటా వచ్చింది. నా మొగుడు చంపలేదు అంటాంది. నీకేమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు. రేపు కోర్టుకు తీస్కపోతారు. ఆ తర్వాత నీ నోరు నీది కాదు, లాయరుది."

పెండ్లాం మాట వినగానే భీమప్ప తల ఎత్తాడు. కష్టంలో ఉన్నవాడికి సొంతమనిషి పేరు వింటే ఊరట కలగాలి. వాడి కళ్ళలో కనిపించింది ఊరట కాదు, భయం.

"అదెందుకొచ్చె నీ కాడికి?" ఊచల వైపు కొంచెం జరిగాడు. "ఇంటికాడ పడుండమని చెప్పప్పా దానికి. చిన్నుకు పాలు పోస్కుంటా ఉండమను. ఇంగ నన్ను ఇడ్సిపెట్టమను."

"చిన్ను ఎవరు?"

మళ్ళీ తల వాలిపోయింది. 

రామాంజినేయులు వెనక్కి తిరిగేసరికి సబ్ ఇన్‌స్పెక్టర్ సిద్దేశ్ తలుపుకు అడ్డంగా నిలబడి నవ్వుతున్నాడు. ఒకప్పుడు ఇదే స్టేషనులో రామాంజినేయులు చేతికింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలున్నాయి, నోటినిండా వెటకారం ఉంది.

"ఏన్ రామాంజన్నా, పోలీసు బుద్ధి ఇంకా పోలేదా?"

"మీ లాఠీ బుద్ధి పోయిందా? అరికాళ్ళు చూసినా."

"నా తల్లి మీద ఆణె, ఒట్టు. ఒక్క దెబ్బ వేయలేదు. అట్లే కుంటుకుంటా దొరికినాడు."

"నేనూ ఇట్లే చెప్పేవాణ్ణి, ఉద్యోగంలో ఉన్నప్పుడు."

సిద్దేశ్ నవ్వు ఆగిపోయింది. "నువ్వు ఉద్యోగం ఇడిసింది నీ కోపంతో అన్నా. ఆ కోపం నా మీద తీర్చుకోవద్దు."

అది నిజమే. రామాంజినేయులు భార్య తిమ్మమ్మను ఖనిజం లారీ తొక్కేసింది. డ్రైవరు తప్పతాగి ఉన్నాడు. ఆ ముక్క పంచనామాలోకి ఎక్కలేదు. ట్రిబ్యునలు ప్రాణానికి ఒక అంకె వేసి చెక్కు రాసింది. అతను చెక్కు తీసుకోలేదు, మర్నాటినుంచి యూనిఫారం వేసుకోలేదు; ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. మనిషి పోతే అంకె వేసే చట్టం మీద అతనికి అప్పటినుంచీ మంట. ఈ కేసు వెనక కూడా అలాంటి చట్టమే ఒకటి ఉందని, అది నాలుగు వేల ఏళ్ళ నాటిదని అతను వినే ఉన్నాడు.

సుబ్బరామి మాష్టరు బళ్ళారి కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పి, రిటైరై తెక్కలకోట అవతల కాలువ పక్కనున్న సొంతూరికి వచ్చాడు. ఊళ్ళో నీళ్ళ తగాదాలకు తలలు పగులుతున్నాయి. కేసులు కోర్టులో ముసలివవుతున్నాయి. మాష్టరు ఊరిని కూర్చోబెట్టి ఒక కథ చెప్పాడు. సుమేరు అనే దేశంలో, ఊరు అనే పేరుగల నగరంలో, ఊర్-నమ్ము అనే రాజు మట్టిపలకల మీద చట్టం రాయించాడు. దొరికినవాటిలో అంతకంటే పాత చట్టం లేదు. వాళ్ళదీ కాలవ బతుకే, వాళ్ళూ గట్లు తెగ్గొట్టుకున్నవాళ్ళే. పక్కవాడి చేను ముంచితే బార్లీ కొలవాలి. కొట్లాటలో ఎముక విరగ్గొడితే వెండి తూచాలి. కంటికి కన్ను తీయడం ఆ తర్వాత వచ్చిన రాజుల పని. నగరం పేరు ఊరు అనేసరికి జనం నవ్వారు; బార్లీ బదులు వడ్లు అనేసరికి ఒప్పుకున్నారు. మాష్టరు ఆ చట్టాలను తెలుగులో మట్టిపలకల మీద చెక్కి, ఇటుక బట్టీలో కాల్చి, ఊరి న్యాయకట్ట గోడకు పొదిగించాడు. ఎనిమిదేళ్ళుగా ఊరి తీర్పులన్నీ అక్కడే. జనం పోలీస్‌స్టేషను గడప తొక్కడం మరిచారు.

మూడు రోజుల కిందట ఆ మాష్టరు కాలువలో శవమై తేలాడు.

సిద్దేశ్ కేసు పొట్టిది. మాష్టరు అన్న కొడుకు హనుమేష్ చెప్పిన ప్రకారం, భీమప్ప తూము తెరిచి అతని నారుమడిని ముంచాడు. మాష్టరు న్యాయకట్ట మీద కూర్చుని, తప్పు కింద వడ్లు కొలవమని వాడికి తీర్పు చెప్పాడు. ఆ కక్షతో వాడు తెల్లవారుజామున కాలువ ఒడ్డున మాష్టరును తూము రాతికేసి కొట్టి నీళ్ళలోకి తోశాడు. నీరుగంటి ఈరేష్ వాణ్ణి అక్కడ చూశాడు.

"ఇంత తేటగా ఉండే కేసు నీ చేతికి ఎప్పుడన్నా దొరికిందా అన్నా?"

"తేట నీళ్ళలోనే లోతు తెలీదు," అని రామాంజినేయులు బయటికి నడిచాడు.

"నేనూ వస్తా పద. నువ్వు చూసేదేందో నేనూ చూడాల," అని సిద్దేశ్ జీపు తాళాలు తీశాడు.

*

నీరుగంటి ఈరేష్ తూముకు పోయే గట్టు దగ్గర వాళ్ళకోసం కాచుకుని ఉన్నాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేవాడు అతనే. నడివయసు మనిషి. పోలీసు జీపు చూస్తే చేయని తప్పు కూడా ఒప్పుకునేలా ఉంటాడు.

"భీమప్పను యాడ చూసినావు?"

"ఈడనే సా. తూముకాడి నుంచి కుంటుకుంటా వస్తాండె. ఇంగా తెల్లారలే. మనిషి ముఖం అప్పుడప్పుడే ఆనతాండాది."

"చేతిలో ఏమన్నా ఉండెనా?"

"వాని చెప్పులుండె సా."

"కాళ్ళకు వేసుకునేవి చేతిలో ఎందుకు?"

"గంగమ్మ ఉండాది కదా సా." ఈరేష్ దూరంగా తూము పక్కన పసుపు పూసిన రాయికి దండం పెట్టుకున్నాడు. "ఎవరొచ్చినా ఆ గుంజకాడనే చెప్పులిడిసి పోవల్ల. ఎనక్కి పోయేటప్పుడు వేసుకుంటారు. వాడు వేసుకోలే. కాళ్ళు పెట్టలేకుండా నడుస్తాండె."

గట్టు మొదట్లో వెదురు గుంజ పాతి ఉంది. అక్కడినుంచి తూము దాకా గట్టు పొడుగునా తుమ్మకంప పరిచి ఉంది.

"ఈ కంప ఎవరు పరిచినారు?"

"నేనే సా. మాష్టరు పోయిన ముందురోజు మాపిటేళ. బర్రెలొచ్చి గట్టు కూల్చేస్తాండాయని."

"మాష్టరు గంగమ్మకాడ చెప్పులు ఇడిసేవాడా?"

ఈరేష్‌కు ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. "ఆయప్పా? ఆయప్ప గంగమ్మకే పాఠం చెప్పేటోడు సా! చెప్పులేసుకొనే తూము ఎక్కి, నీళ్ళు ఇడిసేది నువ్వా, ఈ రాయా అని నన్ను గేలి చేసేటోడు. న్యాయకట్ట ఎక్కేటప్పుడు మాత్రం ఇడిసేటోడు. ఏమప్పా అంటే, ఈడ దేముడు లేడురా, న్యాయముండాది అనేటోడు."

రామాంజినేయులు సిద్దేశ్ వైపు తిరిగాడు. "మాష్టరు చెప్పులు మీకు యాడ దొరికినాయి?"

"ఆ గుంజ దగ్గరే. జతగా, పొందిగ్గా."

"దేముడు లేడనే మనిషి దేముడి గుంజకాడ చెప్పులు విడిచినాడు."

"ముసలి వయసు. భక్తి పుట్టి ఉంటది."

"భక్తి పుట్టొచ్చు." రామాంజినేయులు తన చెప్పులు విప్పి గుంజ దగ్గర పెట్టాడు. వట్టికాళ్ళతో గట్టు మీద నాలుగడుగులు వేసి ఆగాడు. కాలెత్తి చూపించాడు. మడమ దగ్గర రెండు చోట్ల నెత్తురు చిమ్మింది. "నాలుగడుగులకే ఇది. నిన్న ఆసుపత్రిలో మాష్టరు శవాన్ని చూసినా. అరికాళ్ళు పసిబిడ్డవిలా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఆయన ఈ గట్టు మీద నడవలేదు సిద్దేశ్. ఎవరో మోసుకొచ్చినారు. మోసినవాడు మాష్టరు చెప్పులు కూడా తెచ్చినాడు, ఇక్కడే జారి పడినట్టు కనిపించాలని. కానీ చచ్చినవాడి చెప్పులను గంగమ్మ ముందుకు తీస్కపోయే ధైర్యం వానికి లేకపోయింది. ఊరందరూ విడిచే చోటే విడిచినాడు. తనవీ అక్కడే విడిచి, అంత బరువు భుజాన వేసుకుని, వట్టికాళ్ళతో ఈ కంప తొక్కినాడు."

చెబుతూ చెబుతూనే అతనికి లాకప్పులోని పాదాలు గుర్తొచ్చాయి. 

సిద్దేశ్‌కు కూడా అదే తట్టింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయ్యో అన్నా! లాఠీ దెబ్బలంటివి కదా? ముండ్లవి! నేను కొట్టలేదని ఆణె పెడితే నమ్మలేదు. ఇప్పుడేమాయె? మోసినోడు భీమప్ప. నువ్వు నా కేసు ఇడగ్గొట్టేకి వచ్చి, నా కేసుకు మేకు కొట్టినావు."

"నువ్వు కొట్టలేదు. తప్పు నాది." ఆ మాట అనడానికి రామాంజినేయులుకు ముల్లు తీసినంత నొప్పి అయింది. "కానీ మోసినవాడే చంపినవాడని ఏముంది?"

"ఊరికే ఎవడు మోస్తాడు ఇంకొకడి పాపం?"

"అదే నేను కనుక్కోవాల్సింది."

*

న్యాయకట్ట అక్కడికి కూతవేటు దూరం కూడా లేదు. నడుమెత్తు రాతిఅరుగు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వీధి. ఎక్కడానికి కాలువ వైపున రెండు మెట్లు. అరుగు వీధివైపు గోడకు వరసగా పలకలు పొదిగి ఉన్నాయి, ఒక్కొక్కటి పెద్ద ఇటుకంత.

రామాంజినేయులు చదువుకుంటూ నడిచాడు. పక్కవాని చేను నీట ముంచినవాడు గింజలు కొలవాలి. దుడ్డుకర్రతో కాలు విరిచినవాడు వెండి తూచాలి. అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడు పదిహేను తూనికల వెండి ఇవ్వాలి.

"దీన్ని మీ స్టేషనులో పెట్టుకోండి," అన్నాడు.

"పెడితే వెండంతా మీ డిటెక్టివులే కట్టల్ల," అన్నాడు సిద్దేశ్.

వరస మొదట్లో, ఎడమ చివర, గోడలో ఒక గూడు ఖాళీగా ఉంది. చుట్టూ పాతసున్నం. లోపల మట్టి ఇంకా పచ్చిగా, ఎండ తగలని రంగులో ఉంది.

"ఈ మొదటి పలకలో ఏముండె?" అని ఈరేష్‌ను అడిగాడు.

"ప్రాణం తీసినోని ప్రాణం తీయల్ల అని సా. దానికి మాత్రం గింజల్లేవు, వెండి లేదు. పలకలు పెట్టిన దినం మాష్టరు పెద్దగొంతుతో చదివినాడు. ఊరంతా ఇన్న్యాం."

"పిలకాయలు పీకి ఉంటారు," అన్నాడు సిద్దేశ్.

రామాంజినేయులు చెప్పులు విడిచి కట్ట ఎక్కాడు. "మాష్టరు రోజూ పొద్దున యాడ కూర్చునేవాడు?"

"ఆడనే సా, ఆ కొసన. కాలవ దిక్కు తిరుక్కోని, వీధికి ఈపు పెట్టి. పొద్దు పొడిచేదాకా కండ్లు మూసుకోని ఉంటాడు. ఎవరు పలకరించినా తిరిగి చూడడు."

ఆ కొసన కూర్చుని చూశాడు. అతని తొడ పక్కన రెండు బండల మధ్య సందులో చీమలబారు కదులుతోంది. సందులోంచి నల్లటి పెచ్చులు మోసుకుపోతున్నాయి. మొన్న కురిసిన వాన బండను కడిగింది కానీ సందులోకి చేరలేదు. గోరుతో ఒక పెచ్చు తీసి సిద్దేశ్ అరచేతిలో పెట్టాడు. సిద్దేశ్ దాన్ని వాసన చూశాడు. ఈసారి నవ్వలేదు.

"తూము రాతికేసి కొట్టలేదు," అన్నాడు రామాంజినేయులు. "ఇక్కడ కొట్టినారు. గాయంలో ఎర్రటి నూక చూసినా నిన్న. కాలవలో ఉండేది నల్ల ఒండ్రు. ఎర్రది కాల్చిన మట్టి. ఆ గూట్లోంచి పీకిన పలక."

"సరే, ఇక్కడే కొట్టినాడు భీమప్ప. మోసుకపోయి నీళ్ళలో వేసినాడు. నాకేం నష్టం? నేను పోయి ఇదే ముక్క వానికి చెప్పి నోరు తెరిపిస్తా." సిద్దేశ్ నెత్తుటి పెచ్చును కాగితంలో చుట్టుకుని, మనిషిని పంపి ఆ చోటు కాపలా పెట్టిస్తానని జీపెక్కాడు. వెళ్తూ తల బయటపెట్టి అరిచాడు. "కాళ్ళకు పసుపు పెట్టుకో అన్నా!"

జీపు దుమ్ము సర్దుకునేదాకా రామాంజినేయులు కదలలేదు.

దెబ్బ మెడ వెనక గుంటలో పడింది. కింది నుంచి పైకి వచ్చిన దెబ్బ. నిన్న ఆసుపత్రిలో అది అతనికి అర్థం కాలేదు. కూర్చున్న మనిషిని కొట్టేవాడు పైనుంచి కొడతాడు. దెబ్బ నడినెత్తిన పడుతుంది. అతను కట్ట దిగి వీధివైపు వచ్చి, ఖాళీ గూటి ముందు నిలబడ్డాడు. మాష్టరు కూర్చున్న కొస సరిగ్గా ఎదురుగా, పైన ఉంది. ఇక్కడినుంచి చేయి విసిరితే ఆ గుంటకే తగులుతుంది. చంపడానికి వచ్చినవాడు రెండు మెట్లెక్కి మీద పడి కొట్టవచ్చు. అదే సులువు. ఆ పని చేయలేదు. నేల మీద నిలబడే కొట్టాడు.

మనిషిని చంపడానికి జంకని చేయి, కట్ట ఎక్కడానికి జంకింది.

"ఈరేష్, ఈ కట్ట ఎవరన్నా ఎక్కొచ్చా?"

"ఏ కులమోడైనా ఎక్కొచ్చు సా. మాష్టరు ఆ పట్టింపులన్నీ తీసేసినాడు."

"ఆడవాళ్ళు?"

ఈరేష్ చెంపలేసుకున్నాడు. "శివశివా. ఆడోళ్ళెక్కితే ఆ యేడు కాలవకు నీళ్ళు రావంట. దాన్ని మాత్రం ఆయప్ప గూడా తీయలేకపాయ. న్యాయమున్న్యా ఆడోళ్ళు కిందనే నిలబడుకోని ఇంటారు."

"కింద అంటే యాడ?"

ఈరేష్ వేలు పెట్టి చూపించాడు. రామాంజినేయులు నిలబడి ఉన్న చోటునే చూపించాడు.

*

భీమప్ప ఇల్లు వీధి చివర. అతని పెండ్లాం ఉచ్చంగెమ్మ గడపలో కూర్చుని చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని ఉగ్గుగిన్నెతో పాలు తాగిస్తోంది. అతన్ని చూసి లేవబోయింది. వద్దని సైగ చేశాడు.

ఇంటి గోడ పొడుగునా వడ్లమూటలు పేర్చి ఉన్నాయి. మూటల మీద హనుమేష్ మిల్లు ముద్ర. వాననీరు దిగి గోతాల కన్నాల్లోంచి మొలకలు పచ్చగా తల బయటపెట్టాయి. ముక్కిన వాసన వేస్తోంది. పొయ్యి పక్కన చేటలో ఉన్నవి గుప్పెడు రేషను బియ్యం.

రామాంజినేయులు చాలాసేపు ఆ మూటలనే చూశాడు. సిద్దేశ్ చెప్పిన కేసులో భీమప్ప తప్పు వడ్లు ఇవ్వాల్సినవాడు. ఇక్కడ హనుమేష్ వడ్లు భీమప్ప ఇంటికి వచ్చాయి. ఈ ఊళ్ళో వడ్లు మూటలుగా ఒక గడప దాటి ఇంకో గడపకు వచ్చాయంటే, కట్ట మీద తీర్పు అయిందని అర్థం. తినే ఇంట్లో తినకుండా మొలకెత్తాయంటే, అవి తినగలిగిన వడ్లు కావని అర్థం.

"చిన్ను అంటే ఈ బిడ్డేనా?"

"నా కూతురు సౌభాగ్య బిడ్డ. కూతురు పోయింది, పోయిన నెల." ఆమె గొంతులో తడి లేదు. "సావు కాయితంలో పాము అని రాసినారు."

"నువ్వేమంటావు?"

"పామైతే కాలు నల్లబడల్ల. నా కూతురికి అరచేయి కాలింది." పిల్లకు మూతి తుడిచింది. "పందులకని హనుమేష్ గట్టుపొంటి తీగ లాగి కరెంటు పెట్టె. ముందుదినమే పోయి కాళ్ళు పట్టుకుంటి. కలుపుకు పోయే ఆడోళ్ళు ఆ గట్టు మీదనే పోతారప్పా, తీసెయ్యి అంటి. పందులకు తెలుస్తాది, మీకు తెలీదా అన్న్యాడు."

"కట్ట మీద న్యాయమయిందా?"

"అయ్యె."

"మాష్టరు ఏమన్న్యాడు?"

"చంపల్లని చంపింది హత్య, తెలీక పోయింది నష్టం అన్న్యాడు. నష్టానికి గింజలు అన్న్యాడు. పోలీసుల మాట ఎత్తొద్దు అన్న్యాడు. ఎనిమిదేండ్లు ఊర్లో ఎవరి బిడ్డకైనా మొదటి పలకే అంటా వచ్చినోడు, అన్న కొడుకు కాడికొచ్చేసరికి వేరే పలక చదివె. నా మొగుడు తల వంచుకోని సరే అన్న్యాడు. నేను కిందనుంచి అరిస్తి. ఆడోళ్ళు మధ్యలో మాట్లాడకూడదు అన్న్యారు." ఆమె మూటల వైపు చూసింది. "ఆ పలకలకు మన్ను తొక్కింది నేనే అప్పా. కూలికి పోయి మూడు దినాలు ఈ కాళ్ళతో తొక్కినా. నాకు సదువు రాదు. ఏ పలక యాడుండాదో మాత్రం తెలుసు."

రామాంజినేయులు గోడకు ఆనుకున్నాడు. అరికాళ్ళు సలుపుతున్నాయి. మొదటిరోజు బళ్ళారిలో ఈమె అన్న మాట ఇప్పుడు చెవుల్లో మోగింది. ఆ పొద్దుటి సంగతి తప్ప ఏదైనా అడుగప్పా అన్నది. అప్పుడతను భయం అనుకున్నాడు. నీ మొగుడు చంపలేదని నీకెట్లా తెలుసు అని గద్దిస్తే, తెలుసప్పా అని మాత్రం అన్నది.

"ఉచ్చంగెమ్మా, నేను చెబుతాను. నువ్వు మాట్లాడొద్దు. తప్పు చెబితే తల అడ్డంగా ఊపు."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"ఆ పొద్దున మాష్టరు కట్ట కొసన కూర్చోని ఉన్నాడు. ఈ వడ్లు వద్దు, వెనక్కి తీస్కపొమ్మను, పోలీసులకు చెప్పు అని అడిగేకి నువ్వు పోయినావు."

తల కదల్లేదు.

"ఆయన తిరిగి చూడలేదు. నీకు ఎదురుగా మొదటి పలక ఉండె."

తల కదల్లేదు.

"నీ మొగుడు వెతుక్కుంటా వచ్చి చూసినాడు. బిడ్డకు ఆడదాని చేయి కావల్ల, జైలుకు నేను పోతా అన్న్యాడు. ఆ పొద్దుటి సంగతి ఎవరికీ చెప్పొద్దని ఈ బిడ్డ తల మీద నీ చేత ఒట్టు వేయించుకున్న్యాడు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆమె తల కదల్లేదు. కళ్ళు మాత్రం మెల్లగా మూటల వైపు పోయి, అడుగువరసలో ఒక మూట మీద ఆగాయి. అన్నీ మొలకెత్తిన మూటల్లో దాని మూతి ఒక్కటే కొత్త పురికోసతో కుట్టి ఉంది. రామాంజినేయులు కత్తితో కుట్టు కోసి మోచేయి దాకా చేయి దించాడు. వడ్లలోంచి బరువైన ముక్క ఒకటి వేళ్ళకు తగిలింది. బయటికి తీశాడు. అంచు విరిగిన ఎర్రటి పలక. ప్రాణం తీసినవాని ప్రాణం తీయవలెను. చివరి అక్షరాల మీద నల్లటి మరక, ఒక తెల్లవెంట్రుక.

"ఇది దాచినదానివి, నన్నెందుకు పిలుచుకొచ్చినావమ్మా?"

"నేను చెప్పకూడదని ఒట్టు." ఆమె బిడ్డ తల నిమిరింది. "నువ్వు కనుక్కోకూడదని ఎవరూ ఒట్టు పెట్టలే కదప్పా. ఆయప్ప నాకోసరం జైల్లో కుళ్ళిపోతాంటే, ఈ వడ్లు చూసుకుంటా నేనెట్ల బతకల్ల? చెబితే బిడ్డకు కీడు, చెప్పకుంటే మొగునికి ఉరి. బళ్ళారిలో ఎవర్ని అడిగినా నీ పేరే చెప్పినారు. రామాంజి అయితే పిండి మరీ కనుక్కుంటాడు, ఎవరినీ ఇడిసిపెట్టడు అన్న్యారు."

ఎవరినీ విడిచిపెట్టడు. ఆ పేరు తెచ్చుకోవడానికి అతనికి ఒక జీవితం పట్టింది. 

జేబులో ఫోను మోగింది. సిద్దేశ్.

"అయిపాయ అన్నా. భీమప్ప ఒప్పుకున్నాడు. కట్ట దగ్గర నెత్తురు దొరికిందని చెప్పంగానే, నేనే నేనే అని ఏడ్చినాడు. వేలిముద్ర వేయించినా."

"పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చిత్తుకాగితం. ఆ సంగతి నీకు నేర్పింది నేనే."

"నీ కడుపుమంట..."

"సిద్దేశ్, నీ ఊళ్ళో రెండు చావులు జరిగినాయి. రెండోది భీమప్ప చేయలేదు. మొదటిది పాము చేయలేదు. హనుమేష్ పొలం గట్టు మీద తీగ గుంజలు ఇంకా పాతినట్టే ఉంటాయి, వాడు పీకకముందే జీపు తిప్పుకుని రా."

ఫోను పెట్టేసేసరికి వీధి మొగలో ట్రాక్టరు చప్పుడైంది. హనుమేష్ స్వయంగా నడుపుతున్నాడు. ట్రాలీ నిండా తీర్పు ప్రకారం ఇంకా ఇవ్వాల్సిన వడ్లమూటలు, మూటల మీద ఆరేడుగురు మనుషులు. నెత్తురు దొరికిందన్న కబురు ఊళ్ళో పాకిందని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి. వాళ్ళ చేతుల్లో పారలున్నాయి. వడ్లు దించడానికి పారలతో పని లేదు.

ఉచ్చంగెమ్మ లేచింది. నిద్రపోయిన పిల్లను పక్కింటి ముసలామె దురుగమ్మ చేతికిచ్చింది. కొంగు బిగించి వీధిలోకి నడిచింది. ట్రాక్టరుకు ఎదురుగా కాదు, కాలువ వైపు. రామాంజినేయులు పలకను కండువాలో చుట్టుకుని వెంట నడిచాడు. మెట్ల దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు మెట్లూ ఎక్కి, కట్ట మీదికి వెళ్ళి, మాష్టరు కూర్చునే కొసన, వీధికి ముఖం పెట్టి కూర్చుంది.

ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. ఈరేష్ నోరు తెరిచి అట్లే నిలబడిపోయాడు. ట్రాక్టరు ఆగింది.

"ఏయ్! దిగు!" హనుమేష్ కిందికి దూకాడు. "కట్ట మైల చేస్తావేమే? ఆడదానివి ఎక్కుతావా? దిగు!"

చచ్చిన చిన్నాయన గురించి కాదు, లాకప్పులో ఉన్నవాడి గురించి కాదు, వాడి మొదటి కోపం కట్ట గురించి. ట్రాలీలోని మనుషులు పారలతో దిగి అర్ధచంద్రంగా పరుచుకున్నారు.

"నువ్వు చెప్పప్పా," అన్నది ఉచ్చంగెమ్మ, రామాంజినేయులును చూస్తూ. "నేను ఈడ కూసుంటా. తప్పు చెబితే తల ఊపుతా."

సిద్దేశ్ జీపు రావాలంటే ఎంత లేదన్నా అరగంట పడుతుంది. పారలు అంతసేపు ఆగవు. రామాంజినేయులు కట్ట ఎక్కలేదు. కింద, ఆడవాళ్ళు నిలబడే చోట, ఖాళీ గూటికి వీపు ఆనించి నిలబడ్డాడు. కండువా విప్పి పలకను ఊరందరికీ కనపడేలా ఎత్తిపట్టాడు. ముందు హనుమేష్ ముఖంలో రంగు మారింది, తర్వాత ఊరి ముఖంలో.

"ఏ పలకో అందరికీ తెలుసు," అన్నాడు. "దీన్ని ఎవరి మీద మొదట చదవాలో ఇప్పుడు చెబుతా. ముందు జరిగింది ముందు. సౌభాగ్యను చంపింది పాము కాదు."

ఊరంతా తలెత్తి కట్ట మీదికి చూసింది.

ఉచ్చంగెమ్మ తల కదల్లేదు.